పిల్లికి షుగరొస్తే పెట్టే చేతికే పెత్తనం

పిల్లికి షుగరేమిటి అని నవ్వేవాళ్ళు ముందు నవ్వేసుకోండి, నేను ఆగుతాను. మన బెజవాడలో షుగర్ సంగతి తెలియని ఇల్లుందా అండీ? పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, మూడు నెలల సగటు ఎంత అని పెళ్ళిపందిట్లో కూడా మాట్లాడుకుంటాం. మామగారికి రాత్రి పుల్కాలు, ఆడపడుచుకి రాగిజావ, మనకేమో "రేపట్నించి నడక". ఇంత అనుభవం ఉన్నవాళ్ళం కూడా పిల్లి దగ్గరికొచ్చేసరికి "దానికి రోగమేంటి, దిష్టి తగిలుంటుంది" అనేస్తాం.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. షుగరొచ్చిన పిల్లికి తిండి సగం మందు. ఆ తిండి పిండి పదార్థం బాగా తక్కువున్న వెట్ ఫుడ్ అయితే మేలు. దాన్ని పాకెట్ ముందున్న బొమ్మ చూసి కాదు, వెనకున్న అంకెలు చూసి ఎంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, రోజూ గిన్నె పెట్టేది ఎవరో డాక్టరుతో మాట్లాడేదీ వాళ్ళే అయ్యుండాలి, మిగతా ఇల్లంతా వాళ్ళ మాట వినాలి. పెట్టే చెయ్యి ఒకటి, పెత్తనం చేసే నోళ్ళు నాలుగు అయితే ఇన్సులిన్ కూడా ఏం చేయలేదు.

మా పటమట ఫ్లాట్లో ఉండే బుజ్జిగాడు తొమ్మిదేళ్ళ మగపిల్లి. ఆపరేషన్ అయినవాడు, ఆరున్నర కిలోలు ఉండేవాడు. షుగర్ ఎక్కువగా పట్టుకునేది ఇలాంటివాళ్ళనేనట. వయసు మళ్ళినవి, ఆపరేషన్ అయినవి, ఇల్లు కదలనివి, బరువెక్కినవి. అందులోనూ మగపిల్లులు. నీళ్ళగిన్నె మాటిమాటికీ ఖాళీ అవడం, ఇసుక ట్రేలో ముద్దలు పెద్దవవడం, ఆవురావురుమని తింటూనే వెన్నుపూస తేలడం, ఇవీ గుర్తులు. కొన్ని పిల్లులు వెనకకాళ్ళ మడమలు నేలకానించి నడుస్తాయి, నరాలు దెబ్బతిన్నాయన్నమాట. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి. డాక్టరు గారు రక్తం, మూత్రం చూసి, ఫ్రక్టోజమైన్ అనే పరీక్ష కూడా చేయించారు. క్లినిక్కి వచ్చిన భయానికే పిల్లులకి షుగర్ పెరిగిపోతుందట, అందుకని గడిచిన రెండు వారాల సగటు చెప్పే ఈ పరీక్ష. మన మూడు నెలల పరీక్షకి చెల్లెలు అనుకోండి.

పన్నెండు గంటలకొకసారి ఇన్సులిన్, తిండి మార్పు అని చీటీ చేతికిచ్చారు. సూదికి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. తిండి దగ్గరే కోర్టు మొదలైంది.

"మన ఊళ్ళో పిల్లులు పెరుగన్నం తిని బతకలేదా?" అని మా అత్తయ్యగారు. న్యాయమైన ప్రశ్నే. ఆవిడ పుట్టింట్లో, దివిసీమ పల్లెలో, పిల్లికి అన్నం పెట్టిన మాట నిజమే. కానీ ఆ పిల్లికి అన్నం పక్కవాయిద్యం. అసలు కచేరీ ధాన్యం బస్తాల మధ్య ఎలుకలతో, కాలవగట్టున చేపపిల్లలతో జరిగేది. పగలంతా పడుకున్నా రాత్రంతా తిరిగేది. ఎలుకలో మాంసం, కొవ్వు, నీళ్ళు ఉంటాయి, పిండి పదార్థం నామమాత్రం. మన ఫ్లాట్లో పిల్లికి నాలుగో అంతస్తులో ఎలుకెక్కడిది? గిన్నెలో ఎప్పుడూ పోసి ఉంచే పొడి గింజలు, సోఫా, కిటికీలోంచి పావురాల దర్శనం. అదే పెరుగన్నం అయినా, తినేవాడి బతుకు మారిపోయింది.

ఇక్కడ పిల్లి ఒంటి సంగతి కొంచెం తెలుసుకోవాలి. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మనలాగా అన్నీ తిని సర్దుకునే ఒళ్ళు కాదు. దానికి తీపి రుచే తెలియదు. తీపిని పట్టే జన్యువు పిల్లుల్లో పనిచేయడం లేదని 2005లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. లడ్డూ రుచి తెలియకుండానే షుగర్ తెచ్చుకునే ప్రాణి ఇది, పాపం. దాని కాలేయం మాంసకృత్తుల్లోంచి తనకి కావలసిన చక్కెర తానే తయారుచేసుకుంటూ ఉంటుంది. ఒక్కసారిగా ఎక్కువ పిండి పదార్థం వచ్చిపడితే సర్దుకునే ఏర్పాటు మాత్రం మనకన్నా బలహీనం. అన్నమే షుగర్ తెప్పించిందని నేననడం లేదు. బరువు పెరగడం అన్నిటికన్నా పెద్ద కారణమంటారు. కానీ షుగర్ వచ్చాక రోజుకి రెండుమూడుసార్లు పిండి పదార్థం పోస్తూ, పైనుంచి ఇన్సులిన్ పొడవడం అంటే ఒక చేత్తో కుళాయి తిప్పి రెండో చేత్తో నీళ్ళు తోడుకోవడమే.

అన్నం మానేయడం అన్న మాట బెజవాడకి కొత్త కాదు. వీరమాచినేని రామకృష్ణ గారి డైట్ జోరుమీదున్న రోజుల్లో కొబ్బరినూనె, నిమ్మకాయలు లేని ఇల్లు లేదు. మనుషుల విషయంలో ఆ పద్ధతి మీద డాక్టర్లు రెండు వైపులా వాదించుకున్నారు, ఆ గొడవలోకి నేను వెళ్ళను. పిల్లికి మాత్రం మాంసం డైటు కాదండీ, పుట్టుక. అయితే ఒక హెచ్చరిక. మనిషి డైటుని పిల్లి మీదికి దించకండి. కొబ్బరినూనె తాగించడం, వెన్న నాకించడం వంటివి వద్దు.

నన్ను గట్టిగా నిలబెట్టింది ఒక పరిశోధన. 2006లో వచ్చింది. 63 షుగర్ పిల్లులకి, అన్నిటికీ డబ్బా వెట్ ఫుడ్డే పెట్టారు. ఒక గుంపుకి పిండి పదార్థం, పీచు తక్కువున్నది. రెండో గుంపుకి పిండి పదార్థం ఓ మోస్తరుగా, పీచు ఎక్కువగా ఉన్నది. నాలుగు నెలలయ్యేసరికి మొదటి గుంపులో 68 శాతం, రెండో గుంపులో 41 శాతం పిల్లులకి ఇన్సులిన్ అవసరం లేకుండా పోయింది. మనుషులకి అరుదుగా దొరికే వరం ఇది. జబ్బు బయటపడ్డ మొదటి ఆరు నెలల్లో షుగర్‌ని గట్టిగా అదుపు చేస్తే ఈ అవకాశం ఎక్కువని తర్వాత వచ్చిన పరిశోధనలూ చెప్పాయి. అందుకే తిండి విషయం "చూద్దాంలే, ఈ మూట అయిపోనీ" అనుకునేది కాదు. మూట అయ్యేలోపు కాలం అయిపోతుంది.

అయితే అన్ని వెట్ ఫుడ్లూ ఒకటి కాదు. పాకెట్ ముందు "గ్రెయిన్ ఫ్రీ" అని ఉంటుంది. ధాన్యం లేదు సరే, బంగాళాదుంపో బఠాణీయో ఉండొచ్చు, అదీ పిండే. "గ్రేవీ" అని నోరూరించే బొమ్మ ఉంటుంది. మనం కూర చిక్కబడటానికి పిండి కలిపినట్టే చాలా కంపెనీలూ ఏదో ఒక పిండి కలుపుతాయి. మెత్తటి ముద్దలా ఉండే పేట్ రకాల్లో సాధారణంగా పిండి తక్కువ. "సాధారణంగా" అన్నాను, తిప్పి చూడాల్సిందే.

తిప్పితే అయిదు మాటలు కనిపిస్తాయి. మాయిశ్చర్ అంటే తేమ. క్రూడ్ ప్రొటీన్, క్రూడ్ ఫ్యాట్, క్రూడ్ ఫైబర్, యాష్. పిండి పదార్థం ఎంతో చాలా పాకెట్ల మీద రాయరు. ఈ అయిదూ కూడి వందలోంచి తీసేస్తే మిగిలేదే అది. యాష్ రాయకపోతే వెట్ ఫుడ్‌కి 2, పొడి గింజలకి 8 అనుకుంటే ఇంటి లెక్కకి చాలు.

ఒక పాకెట్లో తేమ 82, ప్రొటీన్ 10, ఫ్యాట్ 4, ఫైబర్ అర, యాష్ 2 ఉన్నాయనుకోండి. కూడితే 98.5. పిండి పదార్థం 1.5. ఇంకో గ్రేవీ పాకెట్లో తేమ 83, ప్రొటీన్ 7, ఫ్యాట్ 2.5, ఫైబర్ 1, యాష్ 2. కూడితే 95.5. పిండి 4.5. ఒకటిన్నరకీ నాలుగున్నరకీ ఏముంది తేడా అనిపిస్తుంది. అక్కడే నీళ్ళు మనల్ని మోసం చేస్తాయి. పల్చటి చారునీ ముద్దపప్పునీ గరిటె లెక్కన పోల్చలేం కదా, వెట్ ఫుడ్డూ అంతే. చూడాల్సింది మొత్తం కేలరీల్లో పిండి వాటా.

ప్రొటీన్‌ని 3.5తో, ఫ్యాట్‌ని 8.5తో, పిండిని 3.5తో గుణించండి. మొదటి పాకెట్లో 35, 34, దాదాపు 5. మొత్తం 74. పిండి వాటా 7 శాతం. రెండో పాకెట్లో 24.5, 21, దాదాపు 16. మొత్తం 61.5. పిండి వాటా సుమారు 26 శాతం! రెండూ వెట్ ఫుడ్డే, రెండూ ఒకే అరలో ఉంటాయి. తేమ 10, ప్రొటీన్ 30, ఫ్యాట్ 10, ఫైబర్ 4, యాష్ 8 ఉన్న పొడి గింజలకి ఇదే లెక్క వేస్తే 41 శాతం వస్తుంది. షుగర్ పిల్లికి ఈ వాటా 10, మహా అయితే 12 శాతం లోపు ఉండాలన్నది వెటర్నరీ డాక్టర్లు ఎక్కువగా చెప్పే హద్దు. పాలవాడి లెక్క, చీటీల లెక్క నోటితో వేసే మనకి ఇదేం బ్రహ్మవిద్య కాదు. పాకెట్ మీద వేసేవి కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అన్న అంకెలు కాబట్టి మన లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. అనుమానముంటే కంపెనీకి రాసి అసలు అంకెలు అడగొచ్చు.

ఇంకొక్క మాట కూడా వెతకండి, "కంప్లీట్" అని. చేప తునకల చిన్న డబ్బాలు కొన్ని చూడటానికి శుద్ధ మాంసం, పిండి సున్నా. కానీ "కాంప్లిమెంటరీ" అని మూల రాసి ఉంటుంది. అంటే నంజుకోవడానికే తప్ప భోజనం కాదు. ఇంట్లో చికెన్ ఉడికించి పెడితే సరిపోదా అంటే, ఒట్టి చికెన్ కూడా పూర్తి భోజనం కాదు. కాల్షియం చాలదు, టారిన్ అనే పోషకం చాలకపోవచ్చు. టారిన్ తక్కువైతే పిల్లి గుండె కండరం దెబ్బతింటుందని 1987లోనే తేలింది. మన కొల్లేరు వైపు నుంచి వచ్చే బొచ్చె, శీలావతి లాంటి కార్ప్ జాతి చేపలు పచ్చివి అస్సలు పెట్టొద్దు. ఈ జాతి పచ్చిచేపల్లో బి1 విటమిన్‌ని విరగ్గొట్టే గుణం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ ముక్క నాలుగు వేళ్ళకి సరిపడా, ముద్దు కోసం, అంతవరకే.

అంకెలు తెలిశాయి కదా అని రేపు పొద్దున్నే గిన్నె మార్చేయకండి. ఈ వ్యాసంలో ఏది మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి. ఇన్సులిన్ మీదున్న పిల్లికి పిండి పదార్థం తగ్గిస్తే షుగర్ పడిపోతుంది. పాత డోసే పొడిస్తే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరుకి చెప్పి, డోసు ఎలా తగ్గించాలో, ఇంట్లో చెవి అంచున చుక్కతో షుగర్ ఎలా చూడాలో నేర్చుకుని, వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. తూలడం, నీరసం, వణుకు, ఫిట్స్ కనిపిస్తే చిగుళ్ళకి తేనె రాసి పరుగెత్తాలి. కొత్త తిండి నచ్చక పిల్లి అలిగితే "ఆకలేస్తే అదే తింటుంది" అన్న మన పిల్లల సూత్రం ఇక్కడ చెల్లదు. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టేస్తుంది, ముఖ్యంగా లావు పిల్లికి. ఒక పూట తినకపోయినా సూది వేసేముందే డాక్టరుకి ఫోన్ చేయాలి. కిడ్నీ జబ్బు కూడా ఉన్న ముసలి పిల్లికి లెక్క వేరు, అది డాక్టరే తేల్చాలి. మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో ఆసుపత్రి ఉంది, అక్కడ కూడా అడగొచ్చు.

ఇక డబ్బు. మా ఇంట్లో రెండో కోర్టు దీని మీదే. అయిదు కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 నుంచి 250 కేలరీలు కావాలి. 80 గ్రాముల పాకెట్లో 60 లోపే ఉంటాయి. అంటే రోజుకి నాలుగు. పాకెట్ 50 రూపాయలనుకున్నా నెలకి 6,000. తక్కువేం కాదు. "పిల్లికి ఆరు వేలా" అని మావారు అన్నప్పుడు నాకు కోపం రాలేదు, ఆ ప్రశ్న అడగాల్సిందే. నా జవాబు కూడా లెక్కే. ఇన్సులిన్, సూదులు, స్ట్రిప్పులు, ఒక్కసారి షుగర్ తిరగబడి ఆసుపత్రిలో పెడితే అయ్యే బిల్లు, ఇవన్నీ ఇటువైపు రాసి చూపించాను. ఇన్సులిన్ ఆగిపోయే అవకాశం కొనుక్కుంటున్నాం అన్నాను. రాయల్ కానిన్, హిల్స్, ప్యూరినా లాంటి కంపెనీలు షుగర్ పిల్లులకని విడిగా చేస్తాయి. అవి దొరికి, కొనగలిగితే సరే. లేకపోయినా దిగులు వద్దు. మామూలు అరలో ఉన్న కంప్లీట్ వెట్ ఫుడ్‌లో లెక్కకి సరిపడేది దొరికితే, డాక్టరు ఒప్పుకుంటే, అదీ పనిచేస్తుంది. ఖరీదు కాదు, అంకె ముఖ్యం. మొత్తం మార్చే స్తోమత లేకపోతే ఆ మాట డాక్టరుకి దాచకుండా చెప్పండి. సగం మార్చినా దానికి తగ్గ డోసు వాళ్ళు చెబుతారు. సిగ్గుపడి "అంతా వెట్ ఫుడ్డే పెడుతున్నానండీ" అంటే డోసు తప్పుతుంది.

పిల్లి మెడలో గంట ఎవరు కడతారని సామెత. మా ఇంట్లో అసలు ప్రశ్న, అత్తయ్యగారి చేతిలో పెరుగన్నం గిన్నె ఎవరు ఆపుతారని. ఆవిడకి పెట్టడమే ప్రేమ. మన డెల్టాలో ఎవరికైనా అంతే, ఇంటికొచ్చినవాళ్ళని అన్నం తిన్నావా అనే కదా అడుగుతాం. వద్దని చెబితే చాటుగా పెడతారు, ఆ చాటు ముద్ద డాక్టరు లెక్కలోకి రాదు. అందుకని వద్దనడం మానేసి ఒక పని ఆవిడకే అప్పగించాను. సాయంత్రం ఉడికించిన చికెన్ నాలుగు ముక్కలు ఆవిడ చేతి మీదుగానే. ఫ్రిజ్ మీద కాగితం అంటించి పొద్దున, రాత్రి గడులు గీశాను. పెట్టినవాళ్ళు టిక్కు పెట్టాలి. ఇప్పుడు పిల్లలు వాడికి బిస్కెట్ చూపించినా మొదటి కేక ఆవిడదే.

శాకాహారుల ఇళ్ళలో ఇబ్బంది ఇంకా పెద్దది. సత్యనారాయణపురంలో ఉండే నా స్నేహితురాలు ఇంట్లోకి మాంసం తేలేక నలిగిపోయింది. పిల్లిని శాకాహారిని చేయలేమండీ, దాని ఒంటికి కావలసినవి కొన్ని జంతువుల మాంసంలోనే ఉంటాయి. మూత వేసిన పాకెట్లు, బాల్కనీలో విడిగా ఒక అలమర, దానికో గిన్నె, స్పూను. వంటింటి ఆచారం వంటింట్లో, పిల్లి ధర్మం బాల్కనీలో. ఆవిడ అలా సర్దుకుంది, ఎవరి మడీ చెడలేదు.

మన ఊరి ఎండకి ఒక జాగ్రత్త. మే నెలలో విప్పిన వెట్ ఫుడ్ గంట కన్నా బయట ఉంచకండి. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత గిన్నెని వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేస్తే వాసన లేచి ఇష్టంగా తింటుంది. చీమలకి పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో గిన్నె పెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి కదా, పాలపాకెట్టే దొరకని రోజులవి. అందుకే పది రోజుల తిండి, ఇన్సులిన్‌కి ఒక ఐస్ డబ్బా సిద్ధంగా ఉంచుకోవడం చాదస్తం కాదు.

మా బుజ్జిగాడికి ఇన్సులిన్ ఇంకా పూర్తిగా ఆగలేదు. నాలుగు నెలల్లో డోసు సగానికి వచ్చింది, కిటికీ మీదికి మళ్ళీ ఎగురుతున్నాడు. ఆగుతుందో లేదో చూడాలి. ఆగకపోయినా ఈ తిండి దండగ అని నేననను.

మందు చీటీ ఎవరి పేరు మీద రాసినా, వేళకి గిన్నె పెట్టేదీ, ఎంత తిన్నాడో చూసేదీ, ట్రే ఎత్తి మూత్రం పెరిగిందో తగ్గిందో గమనించేదీ చాలా ఇళ్ళలో మనమే. ఆ పని చేసేవాళ్ళకే నిర్ణయం చెప్పే హక్కు ఉండాలి. డాక్టరు దగ్గరికి మీరే వెళ్ళండి. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి, రెండు పాకెట్లు సంచిలో వేసుకుని మరీ వెళ్ళండి. "ఈ రెంటిలో ఏది, ఎంత, డోసు ఎంత తగ్గించాలి" అని అడగండి. పిల్లి ఉన్నవాళ్ళు ఇవాళ వంటయ్యాక ఒక్కసారి ఆ పాకెట్ వెనక్కి తిప్పి లెక్క వేయండి. షుగర్ లేని పిల్లి అయినా సరే, దాని గిన్నెలో ఏముందో తెలుసుకోవడం మంచిదే కదా.